టోకున నడిచిన నడక

మొదలుపెట్టిన నాటికి గుండీల షావుకారు చేతిలో ఉన్నవి ఇవి: యాభై ఎనిమిదేళ్ల ఒళ్లు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, రక్తంలో ఉండాల్సినదానికి దాదాపు రెట్టింపు చక్కెర, గుండీలూ జిప్పులూ దారపుండలూ అమ్మే కొట్టు, ఆ కొట్టు పైన రెండు గదులు. పిల్లల్లేరు. భార్య పోయి నాలుగేళ్లయింది. అప్పటినుంచి వంటిల్లు టీ కాచుకోవడానికే పనికొస్తోంది. ఇవి కాక, వారానికో ఆదివారం.

కొట్టు తెరిచి ఉండే ఆరు రోజులూ ఆయనకు లోటు తెలియదు. దర్జీలు వచ్చి నీలం చొక్కాకి తెల్ల గుండీ నప్పుతుందా, బూడిదరంగు నప్పుతుందా అని పోట్లాడి పోతారు. ఆదివారం మాత్రం వీధి వీధంతా షట్టర్లు దించుకునేది. ఆ రోజు గోడ గడియారం కూడా కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్నట్టుండేది.

"రోజూ అరగంట నడవండి. మూడు నెలలు చూస్తాను. చక్కెర దిగకపోతే ఇక ఇంజక్షన్లే," అంది డాక్టరమ్మ.

షావుకారు ఇంటికొచ్చి లెక్క వేశాడు. రోజుకి అరగంట చొప్పున వారానికి మూడున్నర గంటలు. డజను గుండీలు కొనేకంటే పెట్టె కొంటే చవకని ముప్పయ్యేళ్లుగా తెలిసిన మనిషి. రోజూ బూట్లు తొడగడం, విప్పడం, కొట్టు మూయడం, మళ్లీ తెరవడం, ఇదంతా దండగ. ఆదివారం ఒక్కసారే టోకున నడిచేస్తే పోలా? ఎవరికీ చెప్పని లాభం ఇంకొకటుంది. ఆదివారం గడిచిపోతుంది.

కొత్త బూట్లు కొన్నాడు. మొదటి ఆదివారం రైలు పట్టాల పక్క దారిలో, ఆగి ఆగి, రెండు స్టేషన్ల దూరం పోయి వచ్చాడు. ఆ రాత్రి మొద్దులా నిద్రపోయాడు. ఎన్నేళ్లకో ఒక ఆదివారం ఆయన్ని ఏమీ చేయలేకపోయింది. ఆ రుచి మరిగి, ఐదో వారానికల్లా నడక ఐదు గంటలకు పెంచాడు. వచ్చే వారానికి ముందే కొంత జమ పడి ఉంటుందని ధీమా.

ఆ సోమవారం కొట్లో నిచ్చెనెక్కి జిప్పుల పెట్టె దించుతుంటే, పక్క షాపులో బట్టలు కుట్టే ఆవిడ దారాలకోసం వచ్చి కింద నిలబడింది.

"షావుకారు గారూ, ఆ సాక్సుకి రక్తమేంటండీ?"

"ఏ రక్తం?"

"ఎడమకాలు చూసుకోండి. నొప్పి లేదూ?"

"లేదమ్మా, బానే ఉంది."

"ఇంత రక్తం కారుతుంటే బానే ఉందంటారేంటండీ బాబూ! దిగండి ముందు. దారాలెక్కడికీ పోవు, డాక్టరు దగ్గరికి నడవండి. వద్దొద్దు, నడవకండి, ఆటో పిలుస్తాను."

డాక్టరమ్మ పుండు కడిగి కట్టు కట్టింది. తర్వాత ఆయన్ని కళ్లు మూసుకోమంది. కాసేపటికి, "గుచ్చింది తెలిసిందా?" అని అడిగింది.

"ఎప్పుడు గుచ్చారు?"

ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. సంగతంతా చెప్పించుకుంది.

"ఏడు రోజుల నడక ఒక్కరోజే నడిచారా!"

"లెక్క సరిపోయిందిగా డాక్టరమ్మా."

"మీ ఒళ్లేం గోడౌను కాదండీ, నిల్వ పెట్టుకోవడానికి. ఆదివారం నడిచింది బుధవారానికి మిగలదు. ఇది చిల్లరగా కొనుక్కోవాల్సిన సరుకు. చక్కెర వల్ల మీ అరికాలికి నొప్పి తెలియడం లేదు. ఈ పుండు ముదిరితే వేలు తీసేయాలి, అక్కడితో ఆగకపోతే పాదం. మానేదాకా నడక బంద్. రోజూ రెండు పూటలా ఇంట్లోవాళ్లని అరికాళ్లు చూడమనండి. ఎవరు చూస్తారు?"

బేరంలో ఏనాడూ చూపు దించని మనిషి కాలి కట్టుకేసి చూసుకున్నాడు.

"చూస్తార్లెండి," అన్నాడు.

ఆ రాత్రి మంచం మీద కూర్చుని కాలు పైకి లాక్కున్నాడు. పొట్ట అడ్డొచ్చింది. వంగితే కళ్లద్దాలు జారాయి. పక్కావిడని పిలుద్దామా అనుకున్నాడు. కాలెత్తి చూపించి, ఇలా రోజూ రెండుసార్లు చూసిపెట్టమ్మా అని ఎవరినైనా ఎలా అడగడం? భార్య ఉంటే అడగాల్సిన పనే ఉండేది కాదు. తిడుతూనైనా చూసేది. చివరికి కొట్లోకి దిగి, గుండీ నప్పిందో లేదో చూసుకోమని దర్జీల చేతికిచ్చే అద్దం తెచ్చి నేలమీద పెట్టాడు. పైన కాలు, చేతిలో టార్చిలైటు. అలా తన అరికాలు తనే చూసుకున్నాడు.

నడక లేని ఆదివారాలు మళ్లీ మునుపటంత పొడుగయ్యాయి. పుండు సంగతి విని, అలాంటి ఓ ఆదివారం అక్క ఫోన్ చేసింది. ఆవిడ చాలా దూరంలో ఉంటుంది, మోకాళ్ల నొప్పులతో కదల్లేదు.

"ఒరేయ్, పాదం ఎవరు చూస్తున్నార్రా?"

"ఉన్నార్లే అక్కా."

"ఎవర్రా ఆ ఉన్నవాళ్లు? నాకు తెలీకుండా ఎవర్ని తెచ్చుకున్నావ్?"

"ఎవర్నీ తేలేదే తల్లీ! అద్దం. అద్దంలో చూసుకుంటున్నా."

అవతల ముక్కు చీదిన చప్పుడు.

"సరే. ఏం కనిపించిందో రోజూ నాకు చెప్పు. ఎరుపుందా, వాపుందా అన్నీ. ఎగ్గొట్టావో, కుంటుకుంటూ వచ్చి తంతాను."

అప్పటినుంచి రాత్రి తొమ్మిదింటికి, అద్దం ఎత్తగానే ఫోన్. ఎరుపు లేదు. వాపు లేదు. కుడి మడమ దగ్గర కొంచెం పగిలింది. నూనె రాయరా. రాశాను. సరే పడుకో. రెండు నిమిషాలు, మహా అయితే మూడు. ఆ తర్వాత గదిలో ఫ్యాను చప్పుడే.

పుండు మానడానికి తొమ్మిది వారాలు పట్టింది. డాక్టరమ్మ మొదట పది నిమిషాలు నడవనిచ్చింది, ఆపైన ఇరవై, ఆపైన అరగంట. రోజూ సాయంత్రం ఆరింటికి షట్టరు సగం దించి వెళ్లేవాడు. రెండు స్టేషన్ల దూరం లేదు, వీధి చివర వాటర్ ట్యాంకు దాకా పోయి రావడమే. ఆదివారం అంతకంటే ఒక్క అడుగు ఎక్కువ వేయలేదు. కాళ్లు లాగేవి, ఇంకా పోదామని. వెనక్కి తిరగడమే అన్నిటికంటే కష్టమైన పనయింది.

ఏడాది తిరిగేసరికి తేలింది ఇది. చక్కెర పూర్తిగా దిగలేదు కానీ ఇంజక్షన్ తప్పింది. మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాడు. పోయింది, ఒళ్లెరగకుండా పట్టిన ఆదివారం నిద్ర. వచ్చింది, అక్కతో రోజూ రెండు నిమిషాలు. కాలివేళ్లు పదికి పది.