అత్తయ్య సమాధికి ఫోటో

పొద్దున్న టీ దగ్గర బురుల్ కిటికీలోంచి బయటికి చూసి, "ఆకులు పండాయి. ఇక నా సమాధి రాయికి ఫోటో తీయించాలి" అంది.

ఎర్మెక్‌కు పొలమారింది. ఏటా ఇదే మాట, ఏటా ఇదే పొలమారడం. తల్లి లేచి వచ్చి కొడుకు వీపు మీద నాలుగు చరిచింది.

"దగ్గింది చాల్లే. కొట్టుకి తాళం వెయ్యి."

"అమ్మా, చలికోట్లు అమ్ముడుపోయేది ఇప్పుడే కదే! నేను మూస్తే జనమంతా పక్క కొట్టుకి పోతారు. మంచు పడ్డాక వెళ్దాంలే."

"మంచులో నా ముక్కు టమాటా పండైపోతుంది. ఎండల్లో మొహం మాడిపోతుంది. ఆకులు పండినప్పుడే నా మొహం కాస్త మొహంలా ఉంటుంది. అయినా నిన్ను బంగారం అడిగానా, మేడలడిగానా? చచ్చాక పెట్టుకోడానికి ఒక్క ఫోటో అడిగాను."

ఆ 'చచ్చాక' అన్న మాట దగ్గర ఎర్మెక్ నోరు పడిపోతుంది. పండక్కి కొట్టు మూయని మనిషి అతను. పెళ్ళాం బతిమాలినా, కూతురు కాళ్ళకి చుట్టుకున్నా మూయడు. కానీ కన్నతల్లి సమాధి ఫోటో అంటే కాదనగల కొడుకు బిష్కెక్ మొత్తం వెతికినా దొరకడు.

వంటింట్లో రొట్టెలు మూటగడుతున్న కోడలు జీబెక్ ఈ మాటలన్నీ విని పళ్ళు కొరుక్కుంది. కొరుక్కోదూ మరి! ఫోటోలు తీయడం ఆమె వృత్తి. పెళ్ళికూతుళ్ళు ఊరి అటుచివర నుంచి ఆమె స్టూడియో వెతుక్కుంటూ వస్తారు. మెల్లకన్ను వాళ్ళకి కూడా మెల్ల కనపడకుండా తీస్తుందని పేరు. సొంత ఇంట్లో మాత్రం ఆ పప్పులేమీ ఉడకడం లేదు. మొదటి ఏడు తీసిన ఫోటో చూసి అత్తయ్య, "ఇదేమిటే, బస్సులో టిక్కెట్లడిగేదానిలా ఉన్నాను" అంది. మరుసటి ఏడు వెనకాల ఎవరిదో ఆవు పడింది. "మా ఇద్దర్నీ కలిపి పూడ్చారనుకుంటారు" అని కొట్టిపారేసింది. పోయినేడు ఎంత వెతికినా తప్పు దొరకలేదు. అప్పుడేమందో తెలుసా? "మరీ పడుచుగా ఉన్నాను. సమాధి దగ్గర దువా చదవడానికి వచ్చినవాళ్ళు ఈ పిల్ల ఎవరని అడుగుతారు" అంది.

పోనీ ఆవిడ పట్టింపూ ఊరికే వచ్చింది కాదు. మామగారు పోయినప్పుడు హడావిడిలో పాస్‌పోర్టు ఫోటో ఇచ్చి సమాధి రాయి మీద చెక్కించేశారు. బతికినన్నాళ్ళూ పకపకా నవ్వుతూ తిరిగిన మనిషి, ఇప్పుడు నల్లరాతి మీద నుంచి కరెంటు కట్ చేయడానికి వచ్చినవాడిలా చూస్తుంటాడు. ఆయన పక్కన తనైనా మనిషిలా కనబడాలని ఆవిడ ఆశ.

ఈసారి ఎలాగైనా సరే, అత్తయ్య నోట 'బాగుంది' అనిపించకపోతే నా పేరు జీబెక్కే కాదు అనుకుంది కోడలు. కెమెరా అద్దాలు రెండుసార్లు తుడిచి సంచిలో పెట్టుకుంది.

చోంగ్‌కెమిన్ లోయకి బయల్దేరారు. ముందు సీట్లో బురుల్, ఆవిడ ఒళ్ళో మూడు తలరుమాళ్ళు. వెనక సీట్లో జీబెక్, కూతురు ఆయ్‌పెరి, వాళ్ళిద్దరి మధ్య వాళ్ళిద్దరికంటే ఎక్కువ చోటు ఆక్రమించిన పుచ్చకాయ. ఎర్మెక్ మొదటి అరగంటా ఫోన్‌లో చలికోట్ల గురించే మాట్లాడాడు. లోయలోకి దిగాక సిగ్నల్ పోయింది. ఫోన్ అటూ ఇటూ ఊపి చూసి, జేబులో పడేసి, అప్పుడు రోడ్డుకేసి చూశాడు.

"అబ్బ! చెట్లన్నీ పసుప్పచ్చగా పండిపోయాయే!" అన్నాడు, ఎవరో ఇప్పుడే తెచ్చి పెట్టినట్టు.

"కొట్లో కూర్చుంటే ఏం కనపడతాయిరా?" అంది తల్లి. "బండి ఆపు. ఆ చెట్టు బాగుంది."

దిగారు. ఆ చెట్టు బాగులేదట. మళ్ళీ ఎక్కారు. ఇంకోచోట ఆపించింది. అక్కడ ఎండ కళ్ళలో పడుతోందట. ఇంకోచోట గాలి. ఇలా దిగడం, ఎక్కడం, మధ్యలో ఆయ్‌పెరి తలుపు తెరిచిందే సందని ఆకులు ఏరుకురావడం. కారు లోపల చిన్న అడవి తయారయ్యింది. ఆ సందుల్లోనే జీబెక్ తనకి కావలసినవి తీసుకుంది. కొండవాలు మీద ఎర్రబారిన ముళ్ళపొదలు, ఒంటరి గుర్రం, ఏటి మీద వరసగా తేలిపోతున్న పసుపు ఆకులు. ఏడాదంతా స్టూడియో తెర ముందు ప్లాస్టిక్ పూలు చూసి చూసి ఆమె కళ్ళు కాయలు కాశాయి. నిజం చెప్పాలంటే ఈ ప్రయాణం కోసం ఆమె కూడా ఏడాదంతా ఎదురుచూస్తుంది. ఆ సంగతి అత్తయ్య ముందు ఒప్పుకుంటుందా? ఛస్తే ఒప్పుకోదు.

చివరికి ఏటి ఒడ్డున పొప్లార్ చెట్ల కింద కంబళి పరిచారు. ఎర్మెక్ పుచ్చకాయని చల్లబడడానికి నీళ్ళలో రాళ్ళ మధ్య పెట్టి వచ్చాడు. నిప్పు రాజేసి, మాంసం తిని, టోపీ మొహం మీద వేసుకుని గుర్రు పెట్టాడు. ఆయ్‌పెరి తండ్రి మీద ఆకులు పోయడం మొదలుపెట్టింది. చూస్తుండగానే మనిషి కనపడటం మానేసి గుర్రు ఒక్కటే వినపడసాగింది.

"నవ్వండి అత్తయ్యా" అంది జీబెక్ కెమెరా ఎత్తి.

అంతవరకు వసపిట్టలా వాగుతున్న బురుల్ కెమెరా చూడగానే బిగుసుకుపోయింది. గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు కూర్చుంది.

"సమాధి మీద నవ్వేదేమిటే! అందరూ ఏమనుకుంటారు? చచ్చినందుకు సంతోషంగా ఉందనుకోరూ?"

"సరే, నవ్వకండి. ఊపిరైనా పీల్చండి."

"పీలుస్తూనే ఉన్నాను. నీకు కనపడట్లేదంతే. ఏం తీస్తావో ఏమో, ఇలా నిలబడితే నీ నీడ నా మీద పడుతోంది, అటు జరుగు."

తెల్ల రుమాలు కట్టింది. విప్పింది. పూల రుమాలు కట్టింది. అదీ విప్పి మళ్ళీ తెల్లదే కట్టింది. జీబెక్‌కి తలప్రాణం తోకకొచ్చింది. ఎండ వాలిపోతోంది. కెమెరా అవతల పారేసి ఏడుద్దామా అనిపించింది పాపం.

అప్పుడే ఆయ్‌పెరి కేక పెట్టింది. "నాన్నా! పుచ్చకాయ వెళ్ళిపోతోంది!"

నిజంగానే వెళ్ళిపోతోంది. రాళ్ళ మధ్య నుంచి జారి, ఏటి మధ్యకి చేరి, గుండ్రంగా తిరుగుతూ దర్జాగా పోతోంది. ఆకుల గుట్టలోంచి ఎర్మెక్ ఒక్క ఉదుటున లేచాడు. నిద్ర మత్తులో ముందు అటువైపు పరిగెత్తి, తర్వాత ఇటువైపు పరిగెత్తి, బూట్లతోనే నీళ్ళలో దూకాడు. వెనకాలే గౌను ఎత్తిపట్టుకుని కూతురు.

"అల్లా! కోట్లు అమ్మేవాడివి, ఒక్క పుచ్చకాయని పట్టుకోలేవట్రా!" అని అరిచింది తల్లి.

"చలికి చస్తున్నానే అమ్మా!"

"మీ నాన్నా ఇంతే! ఇక్కడే, ఈ ఏట్లోనే, మా పెళ్ళైన కొత్తలో నా కోసం పట్టిన చేపని వదిలేశాడు. పైగా చేపదే తప్పన్నాడు!"

బురుల్ పొట్ట పట్టుకుని నవ్వింది. బంగారుపన్ను బయటపడేదాకా నవ్వింది. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, రుమాలు సర్దుకుని, ఏటివైపు చూసింది. కొడుకు నిండా తడిసి, చంకలో పుచ్చకాయతో, భుజం మీద కూతురితో ఒడ్డెక్కి వస్తున్నాడు. వాళ్ళని చూస్తున్న ఆ ముసలి మొహంలో నవ్వు అయిపోయింది గానీ వెచ్చదనం అలాగే ఉండిపోయింది. వెనకాల పొప్లార్ల మీద సాయంత్రపు ఎండ. జీబెక్ వేలు దానంతట అదే నొక్కింది.

ఆమె తెర మీద చూసుకుంది. ఇన్నేళ్ళ వృత్తిలో ఇలాంటిది తీయలేదు. వెంటనే తీసుకెళ్ళి అత్తయ్యకి చూపించింది.

బురుల్ కళ్ళజోడు పెట్టుకుంది. దగ్గరగా చూసింది, దూరంగా పెట్టి చూసింది. వెనకాల ఆవు లేదు. నీడ లేదు. బస్సు టిక్కెట్లామె లేదు. చివరికి మెల్లిగా, "బాగుంది" అంది.

నాలుగేళ్ళుగా ఎదురుచూసిన మాట! జీబెక్‌కి ఎగిరి గంతెయ్యాలనిపించింది. కానీ అత్తయ్య కళ్ళజోడు తీసి, తల మీది తెల్లదీ విప్పి, మూడు రుమాళ్ళూ ఒకదాని మీద ఒకటి పెట్టి మడత పెడుతోంది. ఊరు విడిచిపోయే మనిషి బట్టలు సర్దుకుంటున్నట్టు సర్దుతోంది.

"కుదిరిందా? హమ్మయ్య!" అన్నాడు ఎర్మెక్ మంట దగ్గర సాక్సులు పిండుకుంటూ. "వచ్చే ఏడు సీజన్‌లో కొట్టు మూయక్కర్లేదన్నమాట."

"అవున్రా అబ్బాయ్" అంది తల్లి. "ఇంకెందుకు మూయడం? పని అయిపోయిందిగా."

ఆ గొంతు విని జీబెక్ అత్తయ్య వైపు తిరిగింది. టిక్కెట్లామె, ఆవు, పడుచుపిల్ల అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. పిచ్చిమొహాన్ని, నా ఫోటోలు బాగుండకనే వద్దంటోందనుకున్నాను ఇన్నాళ్ళూ! ఈ ముసలావిడకి రాయీ అక్కర్లేదు, ఫోటో అక్కర్లేదు. ఆకులు పండగానే కొడుకుని కొట్లోంచి లాగి, ఒక్క రోజు ఈ ఏటి ఒడ్డున పడుకోబెట్టుకోవాలి. అదీ ఆవిడకి కావలసింది. నేను నా గొప్ప కోసం ఆ తలుపు మూసేశాను.

ఆమె కెమెరా మళ్ళీ చేతిలోకి తీసుకుంది. తన జీవితంలో తీసిన అతి మంచి ఫోటోని ఒకసారి తనివితీరా చూసుకుంది.

"అయ్యయ్యో, అత్తయ్యా! ఫోటోలో మీ రుమాలు మీద ఆకు పడింది."

బురుల్ చెయ్యి మడతల మీద ఆగింది. "ఏ ఆకే?"

"ఇదిగో, నుదుటి పైన. ఇంతుంది. రాతి మీద చెక్కితే మచ్చలా ఉంటుంది. ఆకు దులుపుకోవడం కూడా చేతకాలేదంటారు జనం."

ముసలావిడ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. తెల్లని రుమాలు మల్లెపువ్వులా మెరిసిపోతోంది. కోడలి మొహం చూసింది. మళ్ళీ తెర చూసింది.

"ఓసి నీ దుంప తెగ!" అని ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చినట్టు అరిచింది. "ఎంత ఆకే అది! అరచెయ్యంత ఉంది! పెళ్ళికూతుళ్ళకి కూడా ఇలాగే తీస్తున్నావా? ఇది పనికిరాదు!"

"వచ్చే ఏడు జాగ్రత్తగా తీస్తానండీ" అంది జీబెక్ తలొంచుకుని.

"ఏమిటీ? వచ్చే ఏడా?" ఎర్మెక్ సాక్సులు వదిలేసి లేచాడు. "కంప్యూటర్లో తుడిచెయ్యి! మొన్న పెళ్ళి ఫోటోలోంచి ఒకావిడ మేనమామనే తుడిచేశావుగా!"

"పెళ్ళి ఫోటో వేరండీ, సమాధి ఫోటో వేరు. అందులో తుడవడాలూ గిడవడాలూ కూడదు."

"కోడలు చెప్పేది వినరా" అంది బురుల్. కోడలి పక్షాన ఆవిడ మాట్లాడటం ఇంట్లో ఎవరూ ఎరగరు. మాట్లాడటమే కాదు, పుచ్చకాయ కోసి, గింజల్లేని మధ్యముక్క తీసి, మొట్టమొదట కోడలి చేతిలో పెట్టింది.

ఆయ్‌పెరి తల్లి భుజం మీంచి తొంగిచూసి, "ఆకేదీ? లేదు కదా!" అంది. నానమ్మ ఆ పిల్ల నోట్లో ఇంత ముక్క కుక్కింది.

"ఏదీ, ఇలా ఇవ్వు" అని ఎర్మెక్ కెమెరా లాక్కున్నాడు. ఫోటో పెద్దది చేసి చూశాడు, ఇంకా పెద్దది చేసి చూశాడు. నుదురంతా వెతికాడు, రుమాలంతా వెతికాడు.

"నీకేం కనపడుతుందిలే, కోట్ల దుమ్ముతో కళ్ళు మూసుకుపోయాయి" అంది తల్లి.

అతను తలెత్తాడు. తల్లి పుచ్చకాయ గింజలు ఏరుతున్నట్టు నటిస్తూ ఓరకంట తన్నే చూస్తోంది. పెళ్ళాం పెదవి కొరుక్కుంటోంది. తడి ప్యాంటుతో చలికి వణుకుతూ, చేతిలోని ఆ మొహాన్ని, ఎదుట ఉన్న ఆ మొహాన్ని మార్చి మార్చి చూశాడు.

"ఒకటి కాదమ్మా" అన్నాడు. "రెండున్నాయి."

"చూశావుటే జీబెక్!" అంది బురుల్ ఇంకో ముక్క కోస్తూ. "మావాడి కళ్ళు చిన్నప్పటి నుంచీ మంచివే."