పేరుకే ఓనరు

"ఇక నీ పేరు అక్కర్లేదోయ్!"

టీవీ ముందు నుంచి భర్త వేసిన కేకకు, కర్టెన్ మడతల మీద నడుస్తున్న ఇస్త్రీపెట్టె ఆమె చేతిలో ఆగిపోయింది. ఆదాయపు పన్ను పద్ధతి మార్చే ప్రతిపాదన వచ్చిందట. మధ్యతరగతి కుటుంబాలకు మినహాయింపు బాగా పెంచుతారట. మొగుడూ పెళ్ళాల ఆదాయం కలిపి ఒకే లెక్కగా చూపించుకోవచ్చట. భర్త ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

"కర్టెన్ల షాపు నా పేరు మీదికి మార్చేద్దాం. నీకు సంతకాల గొడవ వదిలింది!"

"పోన్లే, దానికీ ఓ బరువు దిగింది," అంది అత్తగారు.

ఏం బరువు? ఆమెకు నవ్వొచ్చింది. షాపు తెరిచేటప్పుడు ఈయన అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది. "నాకు ఉద్యోగముంది కదా, ఇదీ నా పేరునే ఉంటే పన్ను తడిసి మోపెడవుతుంది. పేరుకే నీది." పేరుకే! గుడ్డ బేరమాడేది ఆమె, కత్తిరించేది ఆమె, నోట్లో గుండుసూదులు కరుచుకుని ఎవరెవరి కిటికీలకో కొలతలు తీసేది ఆమె. పొద్దున్నే వంట ముగించి, అత్తగారికి మందులిచ్చి, పిల్లను బడికి పంపి షాపు తలుపు తీస్తే, లోపలికొచ్చినవాళ్ళు "సారు లేరా?" అనేవారు. ఆ సారు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి గల్లాపెట్టె ముందు కూర్చునేవాడు. తెగిన చెప్పులు చూపించి డబ్బులడిగితే, "వ్యాపారం డబ్బు అలా ముట్టుకోకూడదు, లెక్కలు తేడా వస్తాయి," అనేవాడు. చుట్టాల్లో కూర్చుంటే ఒకటే జోకు: "మా ఆవిడంటే ఏమనుకున్నారు? నా పన్ను మినహాయింపు!" అందరూ పడీపడీ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది, నవ్వకపోతే బాగుండదని.

ఇవాళ మాత్రం కోపం రాలేదు, చిన్నబుచ్చుకోనూ లేదు. అక్కర్లేదంటున్నాడంటే ఇన్నాళ్ళూ అక్కర ఉన్నట్టే కదా! తీసేస్తానంటున్నాడంటే అది అక్కడ ఉన్నట్టే కదా! ఎవరిదో అనుకుని ఇన్నేళ్ళూ ఊడ్చి తుడిచిన ఇంటికి సొంతదారువి నువ్వేనని ఎవరో తలుపు తట్టి చెప్పినట్టుంది. వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడు చాటున "నా షాపు" అని పైకి అని చూసింది. బాగానే ఉంది. మళ్ళీ అంది. ఈసారి గొంతు కాస్త పెరిగింది.

"ఎవరితోనే మాటలు?" అంది అత్తగారు హాల్లోంచి.

"ఓనరుతో అత్తయ్యా," అనేసి నోరు మూసుకుని నవ్వుకుంది.

మర్నాడు భర్త సెలవు పెట్టి ఆమెను ఆడిటరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆడిటరు నడివయసు ఆవిడ. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని అంతా విన్నది.

"ఇంకా ప్రతిపాదనే కదండీ, ఇంత తొందరేం? అయినా షాపు మార్చాలంటే ఓనరుకు ఇష్టం ఉండాలి."

"మా ఇంట్లో రెండోమాట ఉండదు మేడం."

"నేనడిగేది ఆవిడని."

కుర్చీ అంచు మీద కూర్చున్న ఆమె వెనక్కి జరిగి, వీపు ఆనించి కూర్చుంది. "నా పేరే ఉంచుకుంటే తప్పా అండీ?"

"తప్పేముంది? కలిపి చూపించడం ఇష్టమున్నవాళ్ళకేనంటున్నారు. మీ లెక్క మీరు విడిగా వేసుకోవచ్చు. కాకపోతే ఆ పెంచిన మినహాయింపు విడి లెక్కకు రాదు, షాపు ఆదాయమూ పెరిగింది, కాస్త పన్ను పడొచ్చు."

"ఎవరికి?"

"మీకే."

"నాకా!" ఒళ్ళంతా జల్లుమంది. ఇంతకాలం తన వల్ల పన్ను తగ్గడమే గాని, తనని పన్ను అడిగినవాళ్ళెవరు? "కట్టాక మిగిలింది?"

"మీదే. ఇంకెవరిది?"

భర్త కుర్చీలో ఇటు తిరిగాడు. "మతిపోయిందా నీకు? ఇంటికి మిగిలే డబ్బు తీసుకెళ్ళి గవర్నమెంటుకు పోస్తావా?"

"నా పన్ను నేను కట్టుకుంటానండీ," అంది ఆమె. గొంతు వణికింది గాని అది భయం కాదు. లాటరీ తగిలినవాళ్ళ గొంతు అలా ఉంటుంది.

ఆడిటరు పెద్దగా నవ్వింది. "పన్ను కట్టడానికి ఇంత సంబరపడే మనిషిని నేనింతవరకూ చూడలేదమ్మా!"

బయటికొచ్చాక భర్త వరండాలో ఆగిపోయాడు. "అంత మనిషి ముందు నా పరువు తీశావు. పద ఇంటికి, మాట్లాడుకుందాం."

"సాయంత్రం మాట్లాడుకుందాం. ముందు బ్యాంకుకు వెళ్ళాలి నేను."

"బ్యాంకులో నీకేం పని?"

"షాపు ఖాతా నా పేరునే ఉంది కదండీ, మెసేజీలన్నీ మీ ఫోనుకొస్తున్నాయి. నంబరు మార్పించుకుంటాను."

అతని చెయ్యి జేబులోని ఫోను మీదికి పోయింది. ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది.