నొక్కనివ్వని చెయ్యి

నేను ఒక బజరుని. పాత బస్సు హారనుకి ఎర్ర బొత్తాం తగిలించి, రేకు డబ్బాలో బిగించి, ఉద్యోగుల క్విజ్ పోటీల కోసం మా డిపో ఎలక్ట్రీషియన్ నన్ను పుట్టించాడు. నన్ను నొక్కి జవాబు చెప్పినవాళ్లున్నారు, నన్ను నొక్కి నీళ్లు నమిలినవాళ్లున్నారు. నాకూ ఒక మాట ఉంటుందని నొక్కి చెప్పినవాళ్లే లేరు.

మా జట్టులో నలుగురు. నా మీద ఉండే చెయ్యి కండక్టరు గౌరీశుది. ప్రశ్న సగంలో ఉండగానే అతని వేలు దిగబోయేది. వెంటనే దాని మీద డ్రైవరు సింహాద్రి చెయ్యి పడేది.

"ఉండెహె! పూర్తిగా అడగనీ!"

ఒప్పుకి పది, తప్పుకి మైనస్ పది. ఆ చెయ్యే లేకపోతే మేము జిల్లా కప్పు మొహం చూసేవాళ్లం కాదు. ఆ సంగతి ఇద్దరికే బాగా తెలుసు: కింద నలిగిన నాకు, మధ్యలో నలిగిన గౌరీశుకి.

జోనల్ పోటీకి ముగ్గురినే పంపమన్నారు. మేనేజరుగారు న్యాయంగా ఎంచుదామని గళ్లు గీసి, ఎవరి జవాబులకి ఎన్ని మార్కులొచ్చాయో లెక్క కట్టారు. గౌరీశుకి తొంభై, క్లర్కు పద్మజకి ఎనభై, మెకానిక్ రజాక్‌కి యాభై. సింహాద్రి గడిలో సున్నా. వచ్చే నెల రిటైరవుతున్న మనిషి. ఆయనకు ఇంకో పోటీ లేదు.

"ఏమయ్యా సింహాద్రీ, ఒక్కటీ చెప్పలేదా?" అన్నారు మేనేజరుగారు.

సింహాద్రి గౌరీశు వైపు చూశాడు. గౌరీశు నా వైపు చూశాడు. ఎవరైనా నొక్కితే తప్ప నేను నోరెత్తలేను. అతనికి ఆ ఇబ్బంది లేదు. అయినా ఎత్తలేదు.

అలవాటైన బజరని నన్నే విశాఖ తీసుకెళ్లారు. అక్కడ నా మీద ఒక్క చెయ్యే ఉంది. ఏడుసార్లు తొందరపడింది, ఏడూ తప్పే. మొదటి రౌండులోనే ఇంటిదారి పట్టాం.

తిరుగు బస్సు నడుపుతున్నది సింహాద్రే. గౌరీశు నన్ను చంకన పెట్టుకుని వెళ్లి ఆయన వెనక నిలబడ్డాడు.

"బావా, ఆరోజు మేనేజరుగారికి నాను సెప్పాల్సింది. నా సీటు పోద్దని ఊరుకున్నాను."

సింహాద్రి రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"ఎనక్కెల్లి కూకో. డ్రైవరుతో మాటాడకూడదని బోర్డుంది, కనపడనేదేటి?"

వెనక సీట్లన్నీ ఖాళీ. గౌరీశు వెళ్లలేదు. డిపో వచ్చేదాకా, రెండు గంటలూ, నోరు మెదపకుండా అక్కడే నిలబడ్డాడు.