దూరానికి కనబడే దారం

పోయిన చలికాలంలో వియ్యపురాలు కస్తూరమ్మ చుట్టపుచూపుగా వచ్చి, మంచం మీది బొంతను అరచేత్తో తడిమి, "కుట్లేవి వొదినా? నా కంటికి ఒక్కటీ ఆనడం నేదు" అంది. అంతే అంది. ఆ మాట దాలమ్మ గొంతులో చేపముల్లులా ఇరుక్కుపోయింది.

హిందీ మాట్లాడే ఆ ఊళ్ళో, సిద్ధగోరా పేటలో వాళ్ళ క్వార్టర్ల వరసకంతటికీ బొంతల దాలమ్మ అంటే పేరు. తెల్లగుడ్డ మీద తెల్లదారం, బియ్యపు నూకంత కుట్టు. కుట్టు కనబడకపోవడమే పనితనం అనుకుంటూ వచ్చింది ఇన్నేళ్ళూ. ఇప్పుడు కోడలు చిన్నమ్మికి నెలలు నిండుతున్నాయి. ఆదివారం కస్తూరమ్మ వచ్చి కూతుర్ని పురిటికి ఊరవతల తమ పేట పర్సుడీహ్‌కు తీసుకుపోతుంది. కోడలితో పాటు పుట్టబోయే బిడ్డకు బొంత కూడా వెళ్ళాలి. అక్కడి ఆడవాళ్ళంతా దాన్ని తిరగేసి మరగేసి చూస్తారు.

"ఈపాలి కుట్లు గుడ్డోళ్ళకి కూడా కనబడాల" అని దాలమ్మ పంతం పట్టింది.

బొంతకు పైన మొగుడి పాత పంచెలు, లోపల నలిగిన చీరలు, అడుగున ఎర్రచీర పరిచి, పంచె ముక్కొకటి చేతబట్టుకుని సాక్చీ బజారుకు వెళ్ళింది. దారాల కొట్టువాడు ఒక్కో రీలూ తీసిస్తుంటే, దాన్ని గుడ్డ మీద పెట్టడం, గుడ్డను కొట్టు మెట్టు మీద పరవడం, తను నడిరోడ్డుకు వెళ్ళి కళ్ళు చికిలించి చూడడం. పసుపు ఎండలో కలిసిపోయింది. నీలం చాకలి వేసిన నీలిమందు మరకలా ఉంది. ఆకుపచ్చ నాచు పట్టినట్టుంది.

"మాజీ, అసలేం కావాలి?" అని కొట్టువాడు హిందీలో మొత్తుకున్నాడు.

"దిఖ్‌నా! దూర్ సే దిఖ్‌నా!" అంది దాలమ్మ, దూరానికి కనబడాలని వచ్చీరాని హిందీలో, రోడ్డు మధ్య నిలబడే. వెనక రిక్షావాడు గంట కొట్టి కొట్టి చివరికి దిగి నడిపించుకుపోయాడు.

ఆఖరికి మిరపపండు లాంటి ఎర్రదారం నచ్చింది. పక్క కొట్టు వాళ్ళకి కూడా కనబడింది. మూడు పోగులు కలిపి ఎక్కించి కుట్టడం మొదలుపెట్టింది. ఒళ్ళో పెట్టుకుని చూస్తే ఒక్కో కుట్టూ ముత్యంలా ఉంది. శనివారానికి ఒక అంచు తప్ప అంతా అయిపోయింది.

ఆ సాయంత్రం కొడుకు ఆదిబాబు డ్యూటీ దిగి వచ్చాడు. వాడిది రైలు స్టేషను యార్డులో పట్టాల దగ్గర పని. గోడకు వేలాడదీసిన బొంతను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏటమ్మా ఇది? మా యార్డు పటం గీసీసినావా? ఇందులో మెయిన్ లైనేది, లూప్ లైనేది?"

"నీ కళ్ళకి పొరలు కమ్మీసినాయిరా" అని దాలమ్మ లేచి, వాడి పక్కకు వెళ్ళి చూసింది. దూరపు కొండలు నునుపంటారు. ఇక్కడ దగ్గరున్నదే నునుపు. ఒక వరస పైకి ఎక్కింది. ఇంకొకటి దాన్ని కలుసుకోవడానికి పరిగెత్తింది. మూడోది అలిగి అంచు వైపు పోయింది. తన కుట్టు ఇన్నాళ్ళూ ఇలాగే ఉండేదని, తెల్లదారం కడుపులో పెట్టుకుని కాచిందని అప్పుడు తెలిసింది దాలమ్మకు. విప్పుదామని ఒక పోగు లాగితే పాత పంచె చిరుగు పట్టింది. ఇంక చేసేదేముంది?

ఆదివారం కస్తూరమ్మ వచ్చింది. వస్తూనే బొంత మంచం మీద పరిచింది. ఆమె నోరు తెరవకముందే దాలమ్మ అనేసింది: "నేను కాదొదినా, మీ అమ్మాయే కుట్టింది. వద్దంటే ఇనలేదు."

సూదిలో దారం ఎక్కించడం కూడా రాని చిన్నమ్మి అత్తకేసి గుడ్లప్పగించి చూసింది.

కస్తూరమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నా తల్లే! ఎంత సొగసుగా కుట్టినాదో! ఏట్లో అలల్లాగ లేవూ? ఇలాగ వంపులు తిప్పడం ఎవలి తరమమ్మా! పర్సుడీహ్‌లో గోడకి కట్టి అందరికీ సూపిత్తాను." అక్కడితో ఆగినా బాగుండేది. "మీ అత్త కుట్లు ఉన్నాయో నేవో తెల్దు గానీ, నీయి సూడు!"

దాలమ్మ ఇక పట్టలేకపోయింది. "అవి నావే! మొత్తం నేనే కుట్టినాను!"

కస్తూరమ్మ చేతిసంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. బొంత మీదికి వంగింది.

"అలాగా. అదే, వరసలు వంకరొచ్చినాయేటా అనుకుంతన్నాను."

చిన్నమ్మి కడుపు పట్టుకుని నవ్వుతూ గోడకు చేరగిలబడింది. దాలమ్మ సూదీ దారం తెచ్చి వియ్యపురాలి చేతిలో పెట్టింది. "ఒక అంచు మిగిలిపోనాది వొదినా. నువ్వు కుట్టు. సూసి నేర్సుకుంతాను."

కస్తూరమ్మ ఎర్రదారం వంక చూసింది. "తెల్లది నేదా?"

"నేదు."

కస్తూరమ్మ కుట్టింది. మొదట తిన్నగా పోయిన వరస, నడిమికి వచ్చేసరికి తాగినవాడిలా తూలి, చివర అంచు దాటి బయటకే పోయింది. ఇద్దరూ కాసేపు దాన్ని చూశారు. తరవాత, ముందే చెప్పుకున్నట్టుగా ఇద్దరూ చెరో కొసా పట్టుకుని, ఎర్రచీర వైపు పైకి వచ్చేట్టు బొంత మడతపెట్టారు. వియ్యమందాక వాళ్ళిద్దరికీ కుదిరిన పని అదొక్కటే.

ఎర్రచీర మీద ఎర్రదారం ఎవరికీ కనబడేది కాదు. కానీ రిక్షా ఎక్కాక చిన్నమ్మికి చలేసింది. బొంత విప్పి, తెల్లవైపు పైకి వేసి, మోకాళ్ళ మీంచి కిందిదాకా కప్పుకుంది. పక్కింటి రత్నం తన గుమ్మంలోంచే కేకేసింది:

"సిన్నమ్మీ! ఏటే ఆ కుట్లు, ఇంత దూరానికి కనబడతన్నాయి! ఎవులు కుట్టినారే?"

"మా వొదిన!" అంది దాలమ్మ రిక్షా కేసి చెయ్యి చూపించి.

"మా వొదినే!" అంది కస్తూరమ్మ రిక్షాలోంచి వెనక్కి తిరిగి.