పేతురు తిన్న రొట్టె

మా ఆయన పేతురు చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, సంగతంతా విన్నాక చెబితే మీరెవరూ నమ్మరు.

యాభై తొమ్మిదో సంవత్సరం. గురజాల అవతల సున్నపురాయి క్వారీలో అతను తూటాలు పేల్చేవాడు. రాతికి తొలిచిన బొక్కల్లో మందు కూరి వత్తి అంటించడం అతని పని. అంటించే ముందు ఎర్రగుడ్డ ఊపి మూడు కేకలు వెయ్యాలి. రెండు కేకలకు జనం గుంటలోంచి బయటపడతారు. మూడో కేకకు ఆఖరున వచ్చినవాడు "అందరం వచ్చాం" అని బదులిస్తాడు. ఆ బదులు వినందే వత్తి ముట్టించకూడదు.

కోటప్పకొండ తిరునాళ్ళ ముగిసిన నాలుగో రోజున పేతురు రెండు కేకలే వేశాడు. గుంటలో మిగిలిపోయిన ఆదెయ్య రాళ్ళ కింద పడి చచ్చిపోయాడు.

ఆదెయ్య రాళ్ళు కొట్టేవాడు. వాళ్ళదీ మాదీ క్వారీ పాకల్లో పక్కపక్క ఇళ్ళు, మధ్యలో ఒక్క తడిక. అతని పెళ్ళాం లింగమ్మ పేతురును అన్నా అని, నన్ను వదినా అని పిలిచేది. మతాలు వేరైనా వరసలు కలుపుకున్నాం.

మేస్త్రీ మీరా సాహెబ్ వత్తి తొందరగా కాలిపోయిందని కాగితం రాశాడు. మా సంఘం పాస్టరు ఐజాక్ అయ్యగారు అంతా దేవుని చిత్తమన్నారు. పాకల్లోవాళ్ళు ఘడియ దగ్గరపడిందన్నారు. ఎవరి నోటా పేతురు పేరు రాలేదు. అబద్ధమెందుకు, నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే జరిగిందేమిటో ఆ సాయంత్రమే అతను నాకు చెప్పేశాడు.

"మరియమ్మా, ఆదెయ్య తలపాగా నాకు కనపడతానే ఉంది. మూడో కేక కావాలనే వెయ్యలా."

"ఎందుకయ్యా?"

"మూడో కేక దాకా కదలడు గదా వాడు. ఎనకమాల రాళ్ళు పడతంటే పంచె ఎగ్గట్టుకుని ఉరకాలని, అందరూ నవ్వాలని. చంపాలని కాదే."

కారణం విని నెత్తి కొట్టుకున్నాను. కల్లు మానేశానని సంఘంలో ఒట్టు పెట్టుకున్న ఈ పెద్దమనిషి కల్లుపాకలో కూర్చుంటే ఆదెయ్య చూశాడు. చూసినవాడు ఊరుకోక, సంఘపెద్దలు వింటుండగా నవ్వుతూ అనేశాడు. పెద్దలు మా ఆయన్ని నిలబెట్టి కడిగేశారు. ఇంతే ఉక్రోషం. దీనికి ఒక మనిషి ప్రాణం!

"నోర్మూసుకో" అన్నాను. "మేస్త్రీ ఒకటి రాశాడు, అయ్యగారు ఒకటి చెప్పారు. మధ్యలో నువ్వు చెప్పేదేంది? నువ్వు జైలుకు పోతే పిల్లల్నేం చేసుకోను?"

నోరు మూసుకున్నాడు. మూడు వారాలు గడిచాయి. నెల మొదటి ఆదివారం వచ్చింది.

మా సంఘంలో ఆ రోజు ప్రభువు బల్ల. రొట్టెముక్కల పళ్ళెం చేతులు మారుతూ వరసంతా తిరుగుతుంది. పాపం కడుపులో దాచుకుని ఆ ముక్క నోట్లో పెట్టుకున్నవాడు తన శిక్షను తానే తింటాడని మాకు చిన్నప్పటి నుంచీ చెప్పారు. అలాంటివాడు పళ్ళేన్ని పక్కవాడికి దాటించాలి. దాటిస్తే అందరూ చూస్తారు. సాయంత్రానికి పెద్దలు ఇంటికొచ్చి, చాప మీద కూర్చుని సంగతేమిటని అడుగుతారు. వాళ్ళు అడిగితే పేతురు దాచలేడు.

శనివారం పొయ్యి దగ్గర చెప్పాను. "రేపు తిను."

"తింటే ఏమవుద్దో తెలిసే అంటన్నావా?"

"తెలిసే అంటన్నా. ఆ పాపం నా నెత్తినేసుకుంటా. నువ్వు తిను."

గుళ్ళో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. పళ్ళెం చేతికి రాగానే అతను తల తిప్పి నా వంక చూశాడు. కళ్ళురిమాను. తిన్నాడు.

ఇంటికొచ్చాక ఇక అన్నం ముట్టలేదు. సోమవారమూ అంతే. బతిమాలాను, తిట్టాను. సైతాను శోధించాడని చెప్పుకుని అయ్యగారితో ప్రార్థన చేయించుకోమన్నాను.

"సైతాను నా నోరు ముయ్యలేదే. నేనే మూసుకున్నా" అన్నాడు.

"పోనీ నా మీదెయ్యి. తినమంది నేనేగా."

"నీ మీద ఎట్టా పడుద్దే? నమిలింది నేను." నేను పెట్టిన కంచం పక్కకు జరిపాడు. "కొంత దేవుడి మీదికి, కొంత సైతాను మీదికి, మిగిలింది నీ మీదికి నెడితే ఇంక నాదేముంది? లేని తప్పుకు క్షమాపణ ఎట్టా అడగను? నరకానికి నన్నెవరూ ఈడ్చుకుపోవట్లా. నా కాళ్ళతో నేనే పోతన్నా. నా కాళ్ళే గాబట్టి ఎనక్కి తిరగొచ్చు."

నాకు ఒళ్ళు మండిపోయింది. అది కోపం కాదు, భయం.

మంగళవారం పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని లింగమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆపుదామని వెనకే పరుగెత్తాను. ఆమె గుమ్మంలో జొన్నలు చెరుగుతోంది. ఆదెయ్య సంగతి ఎత్తగానే, "ఏం చేస్తాం అన్నా, ఆయన రాత" అంది.

"రాత కాదు చెల్లే. నేను" అన్నాడు పేతురు. నిలబడే అంతా చెప్పాడు. తలపాగా కనపడడం కూడా వదల్లేదు.

చాట ఆగిపోయింది. లింగమ్మ తలెత్తింది.

"మా అత్త రోజూ ఏమంటదో తెలుసా అన్నా? నా కాలు మంచిది కాదంట. మొగుణ్ణి మింగానంట. నిజమేనేమో అనుకున్నా."

ఆ తిట్లు ఆమె నాకు కొత్తగా చెప్పక్కర్లేదు. మూడు వారాలు తడిక ఇవతల కూర్చుని, వినపడనట్టు గిన్నెలు తోముకున్నాను. పైగా ఒకసారి "ఊరుకో లింగమ్మా, నీ ఖర్మ" అని ఓదార్చాను కూడా. నా నోరు పడిపోను!

ఆమె నా వైపు తిరిగింది. "వదినా, నీకు తెలుసా?"

పేతురు వంక చూశాను. మరియమ్మకేమీ తెలియదని అతను ఒక్క మాట అంటే నేను బయటపడేదాన్ని. అనలేదు, తల వంచుకున్నాడు. ఇప్పుడే విన్నాననే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అనకుండా నన్ను ఆపేవాళ్ళూ అక్కడ లేరు, అనమనేవాళ్ళూ లేరు.

"తెలుసు" అన్నాను. "మొదటి రోజు నుంచీ తెలుసు."

లింగమ్మ చాట పక్కన పెట్టి లేచింది. "అత్తా, ఇట్టా రా" అని లోపలికి కేకేసింది. ముసలామె గోడ పట్టుకుంటూ వచ్చింది. పేతురు నోరు తెరవబోతే లింగమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు కాదు. నీది పోలీసులతో చెప్పుకో. ఈమెతో చెప్పాల్సింది మరియమ్మ. ఇన్నాళ్ళూ ఈమె తిట్లు ఇన్నది తనే."

ఆమె నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ముసలామెకు చెవుడు. నేను నెమ్మదిగా చెప్పింది ఆమెకు అందలేదు. "ఏందే?" అంటూ చెవికి చెయ్యి ఆనించుకుంది. చుట్టూ పాకల్లోంచి జనం బయటికొస్తున్నారు. గొంతెత్తి చెప్పాను.

"నీ కొడుకును మింగింది నీ కోడలు కాదు పెద్దమ్మా! మేము!"