మరకల పాట

నగరపాలక సంస్థవాళ్ళు పాత గోడౌనుకు సున్నం కొట్టించి, కుర్చీలు వేయించి, ఇకమీదట ఇది జనం ఆటపాటలకని ప్రకటించారు. ఆదివారాలు హాలు ఉచితం. ఎవరికివ్వాలో తేల్చడానికి అడిగినవాళ్ళందరినీ పిలిచి, ఒక్కో జట్టు చేత పాడించి విన్నారు. ఆ రోజు మైకు పెట్టింది మైకాయన. ఆయనకు వేరే పేరొకటుందని వాళ్ళ అక్కకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఆ అక్క కూడా వచ్చింది. వెంట ఆసుపత్రి లాండ్రీలో తనతోపాటు పనిచేసిన ఆడవాళ్ళు. లాండ్రీని కాంట్రాక్టుకిచ్చేశాక అందరూ తలోదిక్కయ్యారు. ఇళ్ళలో చోటు లేదు. పార్కులో గొంతెత్తితే వాచ్‌మన్ లేపేస్తాడు. ఈ హాలు దొరికితే వారానికోసారైనా కలిసి పాడుకోవచ్చని అక్క ఆశ. దొరక్కపోతే ఇక ఆ పాటలు ఎవరి గిన్నెల దగ్గర వాళ్ళు గొణుక్కోవలసిందే.

"ఏం పాట అక్కా?" అన్నాడు మైకాయన, వైర్లు విప్పుతూ.

"మన మరకల పాటేరా."

ఆయన ముందు వరస వైపు ఓసారి చూశాడు. దుప్పటి మీది మరకను చూసి, ఏ మంచం మీది మనిషికి ఏమైందో ఊహించి, లాండ్రీలో కట్టుకుని పాడే పాట అది. అందులో నెత్తురుంటుంది, చీముంటుంది, పసివాడి ఉచ్చ ఉంటుంది, డాక్టరుగారు ఒలకబోసుకున్న కాఫీ కూడా ఉంటుంది.

"ముందు వరసలో పెద్దవాళ్ళున్నారే. సినిమా పాటేదన్నా పాడరాదూ?"

"వాటికి సినిమావాళ్ళున్నారు. మీ పనిలో పుట్టిన పాటే పాడమని హాలు ఇచ్చే కల్చరల్ మేడమే చెప్పింది."

"చెబుతారు. తీరా పాడితే ముక్కు మూసుకుంటారు."

"ముక్కేగా? చెవులు తెరిచే ఉంటాయిలే."

వెనకాల ఉన్న పొట్టావిడ కిసుక్కుమంది. "వదినా, మీ తమ్ముడు మనల్ని కూడా ఉతికి ఆరేసేట్టున్నాడు!"

మైకాయన నవ్వలేదు. ముందు వరసలోవాళ్ళు మొన్నమొన్నటిదాకా ఆయన్ని "ఒరేయ్ మైకు" అనేవాళ్ళు. మీటింగులన్నీ ఆయనకే ఇవ్వడం మొదలయ్యాక "మీరు" అంటున్నారు. చదువు మధ్యలో మానేసినవాడికి ఆ రెండక్షరాలు సంపాదించడానికి సగం బతుకు పట్టింది.

"సరే, పాడండి. కానీ మిషన్ల దగ్గర అరిచినట్టు అరవకండి. మెల్లగా పాడినా చాలు. మిగతాది మైకు చూసుకుంటుంది."

"నువ్వున్నావుగా," అంది అక్క.

ఆ మాట నమ్మి నిజంగానే మెల్లగా ఎత్తుకున్నారు. మొదటి చరణం బాగానే వినపడింది. రెండో చరణంలో నెత్తురు మరక వచ్చింది. ముందు వరసలో ఒకాయన కుర్చీలో కదిలాడు. అంతే, మైకాయన వేలు సౌండు మీట మీదికి వెళ్ళింది. కొంచెం తగ్గించాడు, మరికొంచెం తగ్గించాడు. చివరికి స్టేజీ మీద పెదవులు కదులుతున్నాయి, హాల్లో ఫ్యాన్ల చప్పుడే ఉంది.

"వినపడటం లేదు!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

కల్చరల్ మేడమ్ ఇటు తిరిగింది. "మైకు బాగానే ఉందాండీ?"

"బాగానే ఉందండి," అన్నాడు మైకాయన.

అక్క పాట ఆపేసింది. "మైకుది తప్పేం లేదమ్మా. మిషన్ల మోత లేకపోతే మాకు గొంతు లేవదు, అలవాటు అట్లాంటిది," అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగింది. మేడమ్ తల పంకించి, తరవాతివాళ్ళను పిలిచింది. ఆడవాళ్ళు మెట్లు దిగి గోడవారగా నిలబడ్డారు.

తరవాత వచ్చిన లెక్కల మాస్టారు మైకు ముందు నిలబడి గొంతు సవరించుకుని రాగం తీశాడు. ఏమీ వినపడలేదు. "మైకు, మైకు!" అని హాలంతా ఒకటే గోల. చేతి అలవాటు ఎక్కడికి పోతుంది? మైకాయన చటుక్కున మీట పైకి తోశాడు. మాస్టారి గొంతు గోడౌను కప్పు ఎగిరిపోయేట్టు పేలింది. జనం నవ్వారు. మేడమ్ నవ్వలేదు. ఆయన చేతినే చూస్తోంది. ఆ చేతిని దాచుకునే చోటు ఆయనకు కనపడలేదు.

"మరి ఇందాక?" అంది.

గోడవార నుంచి అక్కే అందుకుంది. "వైరు ఊడుంటుందమ్మా. చూసుకోలేదు పాపం."

కానీ ఆ మాట అంటూ ఆమె తమ్ముడి వైపు చూడలేదు.

మాస్టారి పాట అయ్యాక మేడమ్ వాళ్ళను మళ్ళీ స్టేజీ మీదికి పిలిచింది. అక్క మైకు స్టాండును రెండు చేతులా పట్టుకుని, పరాయివాళ్ళ సామాను జరిపినంత జాగ్రత్తగా ఓ పక్కన పెట్టింది.

"మాకు మైకొద్దమ్మా," అంది. "పదండే, గట్టిగా!"

గట్టిగానే అందుకున్నారు, లాండ్రీలో అన్ని మిషన్లూ ఒక్కసారే తిరుగుతున్నట్టు. పైన ఫ్యాన్లు అడ్డుపడుతున్నాయి. మైకాయన లేచి వెళ్ళి ఒక్కొక్క స్విచ్చే ఆపాడు. తిరిగి తన మైకు సెట్టున్న బల్ల దగ్గరికి రావాలంటే అందరి ముందు నుంచీ నడవాలి. గోడకు మొహం పెట్టి అక్కడే నిలబడిపోయాడు.

నెత్తురు మరక దగ్గర ఎవరూ ముక్కు మూసుకోలేదు. డాక్టరుగారి కాఫీ దగ్గర ముందు వరసే ముందుగా నవ్వింది. చప్పట్లు ఆగాక మేడమ్ అంది: "వచ్చే ఆదివారం నుంచి రండి. హాలు మీదే."

ఆడవాళ్ళు కేకలు పెట్టారు. ఆ సందడిలోంచి అక్క గొంతు వినపడింది.

"ఒరేయ్, ఇక ఫ్యాన్లు వెయ్యరా. జనం ఉడికిపోతున్నారు."

స్విచ్చులన్నీ వేశాడు. ఇటు తిరగడానికి మాత్రం ధైర్యం చాల్లేదు.