టైమ్ అడిగే పద్ధతి

మొగుడి పేరు నోటితో పలకకూడదని పెళ్లయిన కొత్తలో మా అత్తగారు చెప్పింది. ఇరవై ఏడేళ్లు పలకలేదు. ఇప్పుడు పలుకుతున్నాను. వీరాంజనేయులు. నా మొగుడు వీరాంజనేయులు నాకు ఊళ్లో ఒక పేరు పెట్టాడు, టైమ్‌వాటమ్మ అని. నా అసలు పేరు ఆదెమ్మ. అది రేషన్ కార్డులో ఉంది, పొలం పాస్‌బుక్కులో ఉంది, మనుషుల నోళ్లలో మాత్రం లేదు. నేను బస్సుకి నడిచి వెళ్తుంటే టీకొట్టు దగ్గర కూర్చున్న మగాళ్లు "టైమ్ వాట్, వదినా?" అని అడుగుతారు. జవాబు కోసం ఆగరు. నవ్వుకోవడానికే అడుగుతారు.

పోయినేడాది అత్తగారి కంటి ఆపరేషన్‌కి గుంటూరు వెళ్లాం. రెండేసి గంటలకోసారి కంట్లో చుక్కలు వెయ్యాలన్నారు. ఎవరు వెయ్యాలని ఎవరూ అడగలేదు, సీసా నా చేతిలో పెట్టారు. నా చిన్న ఫోన్‌లో చార్జింగు అయిపోయింది. వార్డులో గోడ గడియారం ఆగిపోయి ఉంది. వీరాంజనేయులు వాచీ, ఫోనూ రెండూ మోసుకుని కిందికి టీకి పోయాడు. అటుగా వచ్చిన నర్సు తెలుగు రాని పిల్ల. ఏడో తరగతిలో ఆగిపోయిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని "సిస్టర్, టైమ్ వాట్?" అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. చేతి వాచీ నా వైపు తిప్పి చూపించింది. సరిగ్గా అప్పుడే మెట్లెక్కి వచ్చిన వీరాంజనేయులు వార్డంతా వినపడేట్టు నవ్వాడు. "టైమ్ వాటంట! రాని భాష ఎందుకే నీకు? నోరు మూసుకుంటే పోయేదిగా!" ఒక కంటికి కట్టుతో మా అత్తగారు కూడా నవ్వింది. ఆ కంట్లో చుక్కలు వేళ తప్పకుండా పడ్డాయన్న సంగతి మాత్రం ఏ టీకొట్టు దాకా పోలేదు.

నవ్వినందుకు కాదు నా కడుపుమంట. నన్ను చూసి అంత నవ్విన మనిషికి ఇంట్లో గడియారం ఎవరు? నేనే. ఆయన చేతికి వాచీ ఉంది, పెళ్లిలో మా నాన్న పెట్టినది. బంగారు రంగు పోయింది గానీ ఇంకా తిరుగుతూనే ఉంది. అయినా తెల్లారి మంచం మీద నుంచే "టైమెంతయిందే?" అని కేక. అన్నం ముందు కూర్చుని "టైమెంతయిందే?" పొలం మోటారుకి కరెంటు ఎప్పుడొస్తుందో నేను గుర్తుపెట్టుకుని ఆయన్ని లేపాలి. అత్తగారి మాత్రకి నేను గుర్తు, కూలీల టీకి నేను గుర్తు. ఇంటి ముందు కల్లంలో మిరపకాయల తొడిమలు తీస్తూ ఉంటాను, రెండు చేతులూ నిప్పుల్లో పెట్టినట్టు మండుతుంటాయి, ఆ చేతుల్తో ముక్కు మీద దురద కూడా గోక్కోలేను, అప్పుడు కూడా అరుగు మీద నుంచి అదే కేక. కాయలు వదిలి, చేతులు కడుక్కుని, ఇంట్లోకి వెళ్లి చూసొచ్చి చెప్పాలి. ఒకసారి "ఐదవుతుందేమో" అన్నానని, "ఏమో ఏంటే? ఒక్క పని సరిగ్గా చెయ్యలేవు" అన్నాడు. అప్పుడు కూడా వాచీ ఆ చేతికే ఉంది.

చీరలకు ఫాల్స్ కుట్టి చిలకలూరిపేటలో అన్వర్ టైలరింగ్ షాపులో ఇచ్చి వస్తుంటాను. ఆ షాపు మేడ మీద అన్వర్ కూతురు యాస్మిన్ ఇంగ్లీషు మాట్లాడటం నేర్పుతుంది. ఒకరోజు మెట్లెక్కాను. "టైమ్ అడగటం నేర్పుతావా అమ్మా? అది చాలు" అన్నాను. ఎందుకని ఆ పిల్ల అడగలేదు, కుర్చీ చూపించింది.

"దూరం నుంచి కేకేసి అడగకూడదు ఆంటీ. దగ్గరికెళ్లాలి. ముందు ఎక్స్‌క్యూజ్ మీ అనాలి. వాళ్లు మన వైపు చూసేదాకా ఆగాలి. చూశాక, కుడ్ యూ టెల్ మీ ద టైమ్, ప్లీజ్? చెప్పాక థాంక్యూ."

"ఇంత తతంగమా? టైమ్‌కి?"

"వాళ్ల పని ఆపించి అడుగుతున్నాం కదాంటీ."

"అంత మర్యాదగా అడిగాక కూడా చెప్పకపోతే?"

యాస్మిన్ నవ్వింది. "చెప్పకపోతే లేదు. అడగటం మన వంతు. చెప్పాలో వద్దో వాళ్లిష్టం."

ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ నాలుగు ముక్కలూ పెదాలతోనే అనుకుంటూ వచ్చాను. ఇంగ్లీషు కష్టంగా లేదు. నా పని ఆగుతుందని ఒకరికి తోచడం, తోచి నేను తలెత్తేదాకా నిలబడటం, అది ఊహించుకోవడమే కష్టమైంది. ఇరవై ఏడేళ్లలో నన్ను అట్లా ఏదీ ఎవరూ అడగలేదు. చెప్పారు. రమ్మన్నారు, తెమ్మన్నారు, పెట్టమన్నారు. దాన్నే నేను అడగడం అనుకున్నాను.

మొన్న సోమవారం కూడా వీరాంజనేయులు చెప్పాడు. నేను కల్లంలో ఉన్నాను. అరుగు మీద నుంచే, "గురువారం పదకొండున్నరకి రిజిస్ట్రేషను స్లాటు బుక్ చేశా. ఆధార్ కార్డు తీసి పెట్టుకో" అన్నాడు. అమ్మేది నా పొలం. మార్టూరు దగ్గర మా అమ్మ పసుపు కుంకుమ కింద నా పేర రాసిచ్చిన అరవై రెండు సెంట్ల చేను. కొనేది వెంకటనారాయణ గారు, అక్కడ గ్రానైటు పాలిషింగు యూనిట్ పెడతాడట. వచ్చిన దాంతో తుళ్లూరు దగ్గర ప్లాటు కొంటాడట వీరాంజనేయులు. ప్లాటు ఎవరి పేర అన్నాను. "ఇంట్లో ఎవరి పేరైతే ఏంటి? అన్నీ లెక్కలే నీకు" అన్నాడు. అంటే ఆయన పేరే. ఆ చేలో మా అమ్మ పత్తి తీసింది, నన్ను గట్టు మీద పడుకోబెట్టి. ఏడాదికోసారి వచ్చే కౌలు డబ్బు మా ఇంట్లో ఎవరి చేతిలోకి పోతుందో నాకు తెలుసు. అయినా పాస్‌బుక్కు తెరిస్తే లోపల ఆదెమ్మ అని ఉంటుంది. నా పేరుకి నాదంటూ ఏదైనా ఉన్న చోటు అదొక్కటే. అది పోతే నేను టైమ్‌వాటమ్మనే.

గురువారం పొద్దున వెంకటనారాయణ గారు కారేసుకుని వచ్చాడు. హాల్లో ఆయనా, వీరాంజనేయులూ, మా అత్తగారూ కూర్చున్నారు. కాఫీలిచ్చాను. లోపలికెళ్లి చేతులకి కొబ్బరినూనె రాసి, మంట తగ్గేదాకా ఉండి, కడుక్కున్నాను. చీర మార్చుకున్నాను. ఆ రోజు మొదలు వారం వారం యాస్మిన్ దగ్గరికి తీసుకెళ్తున్న క్లాసు సంచీ భుజానికి తగిలించుకున్నాను.

"టైమెంతయిందే? బయల్దేరే వేళయితే చెప్పు!" హాల్లోంచి కేక.

వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. "మీ చేతికుంది కదా, చూసుకోండి" అన్నాను.

"పరాయివాళ్ల ముందు ఏంటే ఆ పొగరు?" అంది అత్తగారు. వీరాంజనేయులు నా ముఖం చూసి, చేసేది లేక వాచీ చూసుకున్నాడు. చెయ్యి దూరంగా పెట్టి, కళ్లు చికిలించి, మళ్లీ ఇంకొంచెం దూరంగా పెట్టాడు. చత్వారం. నాకు తెలియనే తెలియదు. ఒక్కసారి దగ్గరికొచ్చి, "ఆదెమ్మా, నాకు ముల్లు కనపడటం లేదు, కాస్త చూసి పెట్టవా" అని ఉంటే బతికినన్నాళ్లూ చూసి పెట్టేదాన్ని.

"పదిన్నర దాటింది. పద పద, కారెక్కు."

"నేను క్లాసుకెళ్తున్నాను."

"క్లాసేంటి నీ మొహం! సంతకం నువ్వు పెట్టాలి!"

"పొలం ఎవరిది?"

"నీదే. అందుకేగా రమ్మంటున్నా."

"రమ్మన్నారు. కార్డు తియ్యమన్నారు. టైమెంతో చెప్పమన్నారు. అమ్ముతావా అని అడగలేదు."

"మొగుడూ పెళ్లాల మధ్య అడగటాలేంటే!"

"ఇప్పుడడగండి."

వాళ్లమ్మ వైపు చూశాడు. వెంకటనారాయణ గారి వైపు చూశాడు. గొంతు సర్దుకున్నాడు. "సరే. అమ్ముతావా?"

"అమ్మను."

"నువ్వేగదే అడగమన్నావు!"

"అడగమన్నాను. ఇస్తానన్లేదు."

వెంకటనారాయణ గారు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "ఏమయ్యా ఆంజనేయులూ, ఇంట్లో మాట్లాడేశానన్నావుగా?" అని నా వైపు తిరిగాడు. "అమ్మా, నిజంగా ఇష్టం లేదా? రేటు చాల్లేదా?"

"రేటు సంగతి కాదండీ. నాకు ఇష్టం లేదు."

"అంతే కదా. సంతకం పెట్టే మనిషే వద్దంటుంటే నాకెందుకు ఈ తలనొప్పి. నా అడ్వాన్సు సాయంత్రానికి పంపించెయ్ ఆంజనేయులూ." లేచి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. వీరాంజనేయులు నన్ను ఏదో అన్నాడు, వాళ్లమ్మ ఇంకేదో అంది. రెండూ పాత మాటలే. మధ్యాహ్నం మాత్ర డబ్బాలో ఉందని అత్తగారికి చెప్పి, గేటు తీసుకుని బయటికొచ్చాను.

టీకొట్టు దగ్గర నాగూర్ వలి బల్ల మీద కూర్చుని ఉన్నాడు, పక్కన ఇంకో నలుగురు. "టైమ్ వాట్, వదినా?"

రోజూలా తల దించుకుని పోలేదు. ఆగాను. "అడిగే పద్ధతి అది కాదు, నాగూర్ వలీ. లేచి ఇటు రా. ఎక్స్‌క్యూజ్ మీ అను."

నవ్వబోయి, నా ముఖం చూసి లేచాడు. "ఎక్స్‌క్యూజ్ మీ, వదినా."

"కుడ్ యూ టెల్ మీ ద టైమ్, ప్లీజ్?"

నేను అన్నదే మెల్లగా, ఒక్కో ముక్కా పట్టుకుంటూ తిరిగి అన్నాడు. సంచీలోంచి ఫోన్ తీసి చూశాను. "టెన్ ఫార్టీ ఫైవ్" అన్నాను. "ఇప్పుడు థాంక్యూ అనాలి."

"థాంక్యూ, వదినా." పక్కనున్న నలుగురిలో ఒక్కడూ నవ్వలేదు.

చిలకలూరిపేట బస్సు వచ్చింది, ఎక్కాను. స్లాటు వేళకి నేను మేడ మీద గదిలో యాస్మిన్ ఎదురుగా కూర్చుని ఉన్నాను. ఆ పొద్దు వీరాంజనేయులు పోగొట్టుకున్నది అరవై రెండు సెంట్లు. నా అరవై రెండు సెంట్లు.